ఇల్లు కట్టి చూడు సరే... కూల్చి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కూల్చి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అదొక పనే కాదని మన లెక్క. గల్ఫ్‌లోనో, సింగపూర్‌లోనో, ఇక్కడ యాంగాన్‌లోనో నాలుగు డబ్బులు వెనకేసుకున్నామంటే ముందు చేసే ఫోను ఒకటే. "నాన్నా, ఆ పాతిల్లు పడగొట్టించెయ్. పొక్లెయిన్ పెడితే ఒక్క పూట పని." ఆ ఒక్క పూట పని వెనక ఎంత ఖర్చుందో, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో మనలో చాలామందికి తెలియదు. సైటులో పనిచేసే మాకే ఇక్కడికొచ్చి పాతిళ్ళు కూల్చే పని మీద పడ్డాక గానీ తెలియలేదు.

యాంగాన్ అంటే మన తాతల రంగూన్. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో ముసలివాళ్ళ నోట 'రంగం'. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చారు గనుక మనవాళ్ళకు ఇక్కడ కోరంగీలు అనే పేరు పడింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నర పైచిలుకు. రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసింది, రైసుమిల్లుల్లో చెమటోడ్చింది ఎక్కువగా మనవాళ్ళే. ఇవాళ మేము గునపం వేస్తున్న గోడల్లో కొన్నింటికి ఇటుక మోసింది కూడా వాళ్ళే అయ్యుండాలి.

భూకంపం తర్వాత మారిన మాట

2025 మార్చి 28న 7.7 తీవ్రతతో వచ్చిన భూకంపం మాండలే, సగాయిఁ ప్రాంతాలను నేలమట్టం చేసింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 3,700 మందికి పైగా పోయారు. వెయ్యి కిలోమీటర్ల దూరంలో బ్యాంకాక్‌లో కడుతున్న ముప్ఫై పైచిలుకు అంతస్తుల ఆడిట్ ఆఫీసు భవనం కుప్పకూలి పదుల సంఖ్యలో కూలీలు దాని కింద పడిపోయారు. వాళ్ళలో ఈ దేశం నుంచి పొట్టచేత పట్టుకుని వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. యాంగాన్ మాత్రం ఆ రోజు బతికిపోయింది.

బతికిపోయింది గానీ భయం మిగిలింది. ఎందుకంటే ఆ కదలిక వచ్చిన సగాయిఁ పగులే దక్షిణంగా సాగి బాగో పక్కనుంచి పోతుంది. బాగో ఇక్కడికి ఎంతో దూరం లేదు. 1930 మే 5 రాత్రి బాగోలో వచ్చిన భూకంపానికి సుమారు 500 మంది చనిపోయారు. అక్కడి ష్వెమాడో పగోడా కూలింది. రంగూన్‌లోనూ ప్రాణాలు పోయాయి. మనవాళ్ళకు ఆ నెల ఇంకో రకంగానూ చెడ్డది. కూలి పెంచమని తెలుగు రేవు కార్మికులు సమ్మె కట్టారు. యాజమాన్యాలు వారి బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తేలాక ఆ బర్మా కూలీలను పొమ్మన్నాయి. మే 26న మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. లాభం ఒకరిది, దెబ్బ ఇద్దరు కూలీలది. ఈ ముక్క ఎందుకు చెబుతున్నామో కాస్త ముందుకెళితే తెలుస్తుంది.

2025 భూకంపం తర్వాత పాత భవనం అనగానే "పడగొట్టేద్దాం" అన్న మాట తేలిగ్గా వస్తోంది. నగర పాలక సంస్థ, అంటే వైసీడీసీ, 1996లో 189 భవనాలను వారసత్వ కట్టడాలుగా జాబితా కట్టింది. అవి ఎక్కువగా ప్రభుత్వ భవనాలు, గుళ్ళు, చర్చిలు, మసీదులు. మామూలు ఇళ్ళకు ఆ రక్ష లేదు. పాత ఇల్లు ప్రమాదమే, కాదనం. అయితే ప్రమాదం అన్న మాట నిజంగా గోడను చూసి అంటున్నారా, స్థలాన్ని చూసి అంటున్నారా అన్నదే ప్రశ్న.

పైసా ఖర్చు లేదంటే నమ్మొద్దు

ఇక్కడ నడిచే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్, విజయవాడల్లో 'డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం' అంటామే, అదే. యజమాని స్థలం ఇస్తాడు. కాంట్రాక్టరు పాతిల్లు కూల్చి, లిఫ్టు లేని ఏడెనిమిది అంతస్తులు కట్టి, ఫ్లాట్లు వాటాలుగా పంచుతాడు. కాగితం మీద కూల్చివేత ఖర్చు సున్నా. "మీరు పైసా పెట్టక్కర్లేదు, అంతా మాదే" అంటారు. ఆ సున్నా ఎలా వస్తుందో లెక్క వేసి చూద్దాం.

రెండంతస్తుల పాతిల్లు, 25 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అనుకోండి. చుట్టుగోడ 130 అడుగులు. ఎత్తు 20 అడుగులు, మందం 9 అంగుళాలు. మొత్తం 1,950 సీఎఫ్‌టీ. తలుపులు, కిటికీల ఖాళీ అయిదో వంతు తీసేస్తే 1,560. బరువు దగ్గర దగ్గర 84 టన్నులు. పది టన్నుల లారీకి ఎనిమిది తొమ్మిది ట్రిప్పులు. ఇది బయటి గోడలకే. లోపలి గోడలు, గచ్చు, పునాది వేరే. పైగా పగిలిన ఇటుక నిలబడ్డ గోడకంటే చోటు ఎక్కువ తింటుంది, దాదాపు ఒకటిన్నర రెట్లు. కాబట్టి కూల్చడం కంటే ఎత్తిపోయడం పెద్ద ఖర్చు. సన్న వీధుల్లో లారీ నిలబెట్టే చోటే ఉండదు, గంపలతో సందు చివరిదాకా మోయాలి. కరెంటు కోతలవల్ల జనరేటరుకు, కంప్రెసరుకు డీజిలు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం పగ్గాలు చేపట్టక ముందు డాలరుకు 1,300 చిల్లర చ్యాట్లు ఉండేవి. 2024కల్లా బయటి మార్కెట్లో 4,000 దాటింది. దిగుమతి డీజిలు, ఇనుము ధరలు ఏమయ్యాయో వేరే చెప్పాలా!

మరి ఈ ఖర్చంతా భరించి కాంట్రాక్టరు సున్నా అని ఎలా అంటున్నాడు? ఒకటి, ఇంట్లోంచి వచ్చే సరుకు. సున్నంతో కట్టిన గోడ అయితే ఇటుక శుభ్రంగా ఊడొస్తుంది, మళ్ళీ అమ్ముడుపోతుంది. సిమెంటుతో కట్టినదైతే ఇటుక పగిలిపోతుంది గానీ మట్టం నింపడానికి పనికొస్తుంది. ఇనుము తూకానికి పోతుంది. అన్నిటికంటే ముఖ్యం టేకు. 2014 ఏప్రిల్ నుంచి ఈ దేశం దుంగల ఎగుమతి నిషేధించింది. ముదురు టేకు దొరకడమే కష్టమైన రోజుల్లో పాతింటి దూలం అంటే బంగారమే. ఎనిమిది అంగుళాల చదరం, 20 అడుగుల పొడవు ఉన్న స్తంభం ఒక్కటే దాదాపు 9 సీఎఫ్‌టీ. పదహారు స్తంభాలకు 140 దాటుతుంది. అంగుళం మందం పలకల నేల వెయ్యి చదరపు అడుగులుంటే మరో 83. మన ఊళ్ళో బర్మా టేకు సీఎఫ్‌టీ వేలల్లో పలుకుతుందని తెలిసిన వాళ్ళకు మిగతా లెక్క మేం వేయక్కర్లేదు.

ఇక రెండోది కూలీ ఒళ్ళు. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమలులోకి తెచ్చాక కుర్రాళ్ళు చాలామంది థాయిలాండ్ దారి పట్టారు. సైటులో మిగిలింది ముసలివాళ్ళు, ఆడకూలీలు, నీటి మడుగుల పల్లెల నుంచి వచ్చిన పిల్లలు. హెల్మెట్ లేదు, నడుముకు తాడు లేదు. కాళ్ళకు చెప్పులు, చేతిలో సమ్మెట. 2019లో వృత్తి భద్రత, ఆరోగ్య చట్టం వచ్చింది. చట్టం ఉండటం వేరు, పరంజా మీదికి ఎక్కడం వేరు.

మేము నోరు మూసుకున్న రోజు

ఊరికే నీతులు చెబుతున్నాం అనుకోకండి. మా తప్పు కూడా చెబుతాం. ఇక్కడ పాత వీధుల్లో ఒక ఇల్లు. యజమానురాలు డెబ్బై దాటిన తెలుగావిడ. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసినప్పుడు చుట్టాలంతా ఓడలెక్కి విశాఖ వెళ్ళిపోయారు. అక్కడ బర్మా క్యాంపు అన్న పేరు ఆ రోజుల గుర్తే. వీళ్ళు మాత్రం ఉండిపోయారు. మమ్మల్ని చూసి "మన ఊరి పిల్లలు" అని మురిసిపోయింది. కాంట్రాక్టరు కాగితం చూపించి "బాబూ, పాతచెక్కకు విలువ లేదన్నారు, నిజమేనా?" అని అడిగింది.

స్తంభాలు కొలిచింది మేమే. లెక్క మా జేబులోనే ఉంది. పనిచేసే సంస్థ మాట దాటితే వీసా పోతుందన్న భయం ఒకటి. "మాకు తెలియదమ్మా, పెద్దసారును అడగండి" అన్నాం. నెల తిరక్కుండా ఆ టేకంతా లారీలెక్కి వెళ్ళిపోయింది. ఆవిడ వాటా కాగితంలో దాని ఊసే లేదు.

ఆ ఇంటి మీదే ఇంకో దెబ్బ తగిలింది. వానలు మొదలయ్యేలోగా అయిపోవాలని తొందరపెట్టారు. పై నుంచి వరుసగా దిగాల్సిన గోడను కింద కోసి ఒక్కసారి తోశారు. పక్కింటి ఉమ్మడి గోడ నెర్రెలిచ్చింది. సందులో ఇటుకలు ఏరుతున్న కుర్రాడి చెయ్యి నలిగింది. ఆసుపత్రి ఖర్చు ఇచ్చారు, తర్వాత వాడు పనిలోకి రాలేదు, ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. 1930 సంగతి ఎందుకు చెప్పామంటే ఇందుకే. తొందర ఒకరిది, లాభం ఒకరిది, దెబ్బ మాత్రం కూలివాడిది. ఆనాడు దెబ్బ తిన్నవాళ్ళలో మనం ఉన్నాం. ఈనాడు సూపర్‌వైజరు టోపీ పెట్టుకుని ఎవరి పక్కన నిలబడ్డామో మమ్మల్ని మేమే అడుక్కోవాలి.

కూల్చడానికీ ఒక వరుస ఉంది

కట్టిన వరుసకు తిరుగు వరుసే కూల్చే వరుస. ముందు అనుమతి. తర్వాత కరెంటు, నీళ్ళు, గ్యాసు, డ్రైనేజీ కనెక్షన్లు తీయించాలి. స్విచ్ ఆపితే చాలదు, స్తంభం దగ్గరే వైరు విప్పించాలి. పక్కింటి గోడలకు అప్పటికే ఉన్న పగుళ్ళు ఫోటో తీసి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. రేపు తగువొస్తే అదే సాక్ష్యం. యాంగాన్ పాత వీధుల్లో పన్నెండున్నర అడుగుల వెడల్పు ఇళ్ళు కూడా గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మధ్యది తీస్తే రెండు పక్కలవీ ఒరుగుతాయి. ముందే ఆనుడు దుంగలు పెట్టాలి.

తర్వాత తలుపులు, కిటికీలు, పైకప్పు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. సమ్మెటతో పగలగొడితే ఆ పొడి ఊపిరితిత్తుల్లో దిగి ఇరవై, ముప్ఫై ఏళ్ళకు గానీ బయటపడదు. రేకును తడిపి, బోల్టు విప్పి, పగలకుండా దించాలి. మూతికి రుమాలు కట్టుకుంటే సరిపోదు, సరైన మాస్కు కావాలి. ఆ తర్వాత వాసాలు, స్లాబు, దూలాలు, గోడలు పై నుంచి కిందికి. శిథిలాలను పై అంతస్తు నేల మీద గుట్ట పోయకూడదు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న 9 అంగుళాల గోడ ఒక్కటే 4 టన్నులు! ఆ బరువుకి స్లాబు దిగబడితే కింద ఉన్నవాళ్ళ గతేంటి? ఇక పని నవంబరు, ఏప్రిల్ మధ్య పెట్టుకోవాలి. సున్నం గోడ వాన నీరు తాగితే చెప్పకుండా కూలుతుంది.

ఇల్లు ఖాళీ చేసేది ఎవరు?

ఇంకో ఖర్చు ఏ అంచనాలోనూ ఉండదు. ఇంట్లో ఉన్నవాళ్ళు ఎటు పోవాలి? ఇక్కడ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నీడలో తరాలుగా తక్కువ అద్దెకు ఉన్న కుటుంబాలున్నాయి. పాతిల్లు పోతే ఆ అద్దె కూడా పోతుంది. కాగితాలే లేనివాళ్ళ సంగతి మరీ ఘోరం. 2022 చివర్లో యాంగాన్ మింగలాడాన్ ప్రాంతంలో గుడిసెలు తొలగించినప్పుడు 40,000 మందికి పైగా నిలువనీడ కోల్పోయారని ఐక్యరాజ్యసమితి నిపుణులు చెప్పారు. మన దగ్గర 2024లో హైడ్రా వచ్చాక చెరువుల్లో కట్టిన ఇళ్ళ కూల్చివేత మీద ఎంత రభస జరిగిందో చూశాం. అదే ఏడాది నవంబరు 13న మన సుప్రీంకోర్టు, 15 రోజుల నోటీసు ఇవ్వకుండా ఇళ్ళు కూల్చొద్దని చెప్పింది. రోడ్లు, చెరువుల వంటి చోట్ల కట్టినవాటికి ఆ మినహాయింపు లేదనుకోండి. చెరువు చెరువుగానే ఉండాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఇల్లు కూలే ముందు మనిషికి సామాను తీసుకునే వ్యవధి ఇవ్వాలన్నది మాత్రం ఏ దేశంలోనైనా కనీస ధర్మం.

చివరిగా, ఊళ్ళో పాతిల్లు తీయించాలనుకుంటున్న మనవాళ్ళకు మా మాట. ఫోనులో "పడగొట్టెయ్" అనే ముందు ఒక తాపీ మేస్త్రిని, ఒక వడ్రంగిని విడివిడిగా పిలిపించి సరుకు లెక్క కట్టించండి. మండువా లోగిలిలో దూలాలు, గుమ్మాలు, పెంకులు ఎంత చేస్తాయో తెలియకుండా సంతకం పెట్టొద్దు. కాగితంలో మూడు ముక్కలు రాయించండి: సరుకు ఎవరిది, శిథిలాలు ఎక్కడ పోస్తారు, పక్కింటికీ కూలీకీ దెబ్బ తగిలితే ఎవరు భరిస్తారు. పాత స్లాబులో తీసి సాగగొట్టిన ఇనుపచువ్వలు కొత్త స్లాబులో వాడనివ్వకండి. వంచి సాగగొట్టిన చువ్వ బలం ముందులా ఉండదు. ఊళ్ళో అమ్మానాన్నలను కూల్చే ముందే వేరే ఇంట్లోకి మార్చండి, దుమ్ములో కూర్చోబెట్టకండి.

"పైసా ఖర్చు లేదు" అని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న అడగండి. మరి ఎవరు పెడుతున్నారు? రంగూన్ అవ్వ మమ్మల్ని అడిగింది అదే ప్రశ్న. ఆ రోజు మేము చెప్పలేదు. ఈ కాగితం మీద చెబుతున్నాం. టేకు ఆవిడది, చెయ్యి ఆ కుర్రాడిది.