పిచ్చుక గూళ్ల కింద ఏముంది?

సాయంత్రమైతే భిలాయ్ ఉక్కు నగరంలో పిల్లలు క్వార్టర్ల ముందున్న మైదానాలకు పరుగెత్తుతారు. సోవియట్ సాయంతో కట్టిన ఇక్కడి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఆ చుట్టూ సెక్టార్లు, చెట్లు, పార్కులతో ఓ పద్ధతి ప్రకారం ఊరు వెలిసింది. బతుకుతెరువు వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలకూ ఇదే సొంతూరైంది. ఇలాంటి ఊళ్లో కాలుష్యం అనగానే పెద్దలు పొగగొట్టాల వైపు చూస్తారు. కానీ పిల్లల చేతులుండేది మట్టిలో.

గాల్లోకి లేచిన ధూళి చివరికి చేరేది నేలకే. ఉక్కు కర్మాగారాల ధూళిలో ఇనుముతోపాటు మాంగనీస్, జింక్, సీసం వంటి లోహాలుంటాయి. కోక్ ఒవెన్ల పొగలో క్యాన్సర్ కారకమైన బెంజోపైరీన్ ఉంటుంది. 2000 దాకా దేశమంతటా పెట్రోలులో కలిపిన సీసం, ఉయ్యాలలు, జారుడుబల్లల పాత రంగు పెచ్చులు వీటికి అదనం. ఒక మంచి వాన కురిస్తే గాలి శుభ్రపడుతుంది. నేల అలా కాదు. సీసం కుళ్లదు, ఆవిరి కాదు. పైనున్న అంగుళం, రెండంగుళాల్లోనే దశాబ్దాల తరబడి తిష్ఠ వేస్తుంది. పిల్లలు పిచ్చుక గూళ్లు కట్టేందుకు తవ్వేదీ ఆ రెండంగుళాలే.

మన్ను తిన్నావా అని యశోద నిలదీస్తే కృష్ణుడు నోరు తెరిచి చూపించాడు. ఇప్పటి పిల్లలు నోరు తెరిచినా ఏమీ కనిపించదు. మట్టి తినే అలవాటు లేని పిల్లలు సైతం వేళ్లు నోట్లో పెట్టుకుని, కిందపడిన బిస్కెట్టు తిని రోజుకు 100 మిల్లీగ్రాముల వరకు మట్టీ దుమ్మూ మింగుతారని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చాలాకాలం లెక్కగట్టింది. చిటికెడు కూడా కాదు. అయితే మింగిన సీసంలో పెద్దల శరీరం సుమారు పదో వంతు గ్రహిస్తే పసివాళ్ల శరీరం దాదాపు సగం పీల్చుకుంటుంది. జ్వరం రాదు, దద్దుర్లు రావు. తెలివితేటలు, ఏకాగ్రత మెల్లగా దెబ్బతింటాయి. సీసానికి సురక్షిత స్థాయి అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు సీసాన్ని మరింతగా లాక్కుంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశానికి రైలు పట్టాలు పోసిచ్చే రాష్ట్రంలో పిల్లల నెత్తురుకు ఇనుము చాలడం లేదు!

ఇటలీలోని టరాంటో కూడా ఉక్కు నగరమే. కర్మాగారాన్ని ఆనుకుని ఉన్న టంబూరి పేటలో మట్టిని పరీక్షిస్తే బెరీలియం, పీసీబీ రసాయనాలు బయటపడ్డాయి. దాంతో అక్కడి పచ్చికలో, మట్టిలో పిల్లలు ఆడరాదని 2010లో మేయర్ ఉత్తర్వు జారీచేశారు. ఆటల మీద నిషేధం పెట్టాల్సి రావడం ఏ ఊరికైనా సిగ్గుచేటే. కానీ పరీక్షించారు కాబట్టే ఆ మాత్రమైనా తెలిసింది.

మన దేశంలో సీసం, ఆర్సెనిక్, నికెల్, బెంజోపైరీన్ సహా గాలిలోని 12 కాలుష్యాలకు 2009లో జాతీయ ప్రమాణాలు ఖరారయ్యాయి. పిల్లలాడే మట్టికి మాత్రం అలాంటి ప్రమాణమేదీ లేదు. అమెరికా 2001లోనే ఆటస్థలాల మట్టిలో సీసానికి 400 పీపీఎం హద్దు పెట్టింది. 2024లో ఇళ్ల పరిసరాల నేలను జల్లెడ పట్టే హద్దును 200కు దించింది. కలుషిత ప్రదేశాలను గుర్తించి శుభ్రం చేసేందుకు 2025 జూలైలో కేంద్రం నిబంధనలు తెచ్చిన మాట నిజమే. వాటి చూపు ప్రధానంగా పాత వ్యర్థాల గుట్టల మీదే. ఎవరో ఒకరు పట్టుబడితే తప్ప ఉయ్యాల కింది మట్టి దాకా అవి రావు.

ఈలోగా ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆడి వచ్చిన పిల్లలకు తినేముందు సబ్బుతో చేతులు కడగాలి, చెప్పులు గుమ్మం బయటే విడిపించాలి. పొడి చీపురు దుమ్మును లేపుతుందే తప్ప పోగొట్టదు. తడిగుడ్డే మేలు. ఆకుకూరలు, పాలు, రాగి జావ పెడితే సీసం ఒంటబట్టడం కొంత తగ్గుతుంది. నేల విషయంలో పూనుకోవాల్సింది టౌన్‌షిప్ యాజమాన్యం, నగరపాలక సంస్థ. నైపుణ్యం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. పక్కనే రాయ్‌పూర్‌లోని రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు ధూళిపై ఏళ్లుగా అధ్యయనాలు చేస్తున్నారు. చేత్తో పట్టుకునే ఎక్స్‌రే పరికరం మట్టిలో సీసమెంతో నిమిషాల్లో చెబుతుంది. ఎక్కువని తేలినచోట పైమట్టి తీసి మంచి మట్టి పోసి, గడ్డి పెంచితే చాలు. సెక్టార్ల పార్కులన్నీ పరీక్షించడానికి ఒక్క వేసవి సరిపోతుంది.