'ది' లేని భాష లోపభాషా?

తెలుగులో ఆర్టికల్ లేదు కనుక నిర్దిష్టతను తెలిపే శక్తి దానికి ఆంగ్లంకంటె తక్కువ అనే మాట తరగతి గదుల్లోనూ అనువాద చర్చల్లోనూ సిద్ధాంతంలా చలామణీ అవుతున్నది. ఇది నిరాధారమైన అభిప్రాయం. ఒక ధర్మానికి ప్రత్యేక పదం లేకపోవడం వేరు, ఆ ధర్మమే లేకపోవడం వేరు. సంస్కృతానికీ లాటిన్‌కూ రష్యన్‌కూ ఆర్టికల్ లేదు. పాణిని శాస్త్రం వెలసిన భాష అస్పష్టమైనదని ఎవరూ అనరు గదా!

'ది' సైతం పుట్టుకతో ఆర్టికల్ కాదు. ప్రాచీనాంగ్లంలోని నిర్దేశక సర్వనామమే క్రమంగా అర్థభారం కోల్పోయి ఆ రూపం దాల్చింది. 'ఎ', 'ఆన్'లు 'ఒకటి' అనే సంఖ్యావాచకం నుంచి వచ్చినవే. తెలుగు మాత్రం చిన్నయసూరి త్రికమన్న ఆ, ఈ, ఏలను అలా అరగనీయలేదు. నిర్దిష్టతను చాలావరకు పదక్రమానికి అప్పగించింది. 'పుస్తకం బల్లమీద ఉంది' అన్నప్పుడు అది వక్తకూ శ్రోతకూ తెలిసిన పుస్తకం. 'బల్లమీద పుస్తకం ఉంది' అంటే ఏదో ఒక పుస్తకం. ఆంగ్లంలో మొదటిదానికి 'ది', రెండవదానికి 'ఎ' కావాలి.

పదక్రమం ఒక్కొక్కప్పుడు సందిగ్ధతకు తావిస్తుందని ఆక్షేపించవచ్చు. నిజమే. అయితే 'ది లయన్' అన్నది ఒకానొక సింహమో, సింహజాతి అంతానో తేల్చవలసింది కూడా సందర్భమే. సందిగ్ధత ఏ ఒక్క భాష సొత్తూ కాదు.

ఊనిక విషయంలో తెలుగు పొదుపు మరింత స్పష్టం. ఆంగ్లం అవధారణకోసం స్వరాన్ని ఊదుతుంది, 'డూ' అనే సహాయక్రియను తెస్తుంది, 'వెరీ'ని చేరుస్తుంది, 'ఇట్ ఈజ్' అంటూ వాక్యాన్నే తిరగరాస్తుంది. తెలుగులో అవధారణార్థకమైన 'ఏ' ఈ పనిలో అధికభాగం చేస్తుంది. 'రాముడే నిన్న పుస్తకం ఇచ్చాడు', 'రాముడు నిన్ననే పుస్తకం ఇచ్చాడు', 'రాముడు నిన్న పుస్తకమే ఇచ్చాడు' అనేవి మూడు వేర్వేరు నిశ్చయాలు. 'ది'ని ఊది 'దీ' అని పలికి ఒకరిని అద్వితీయ కవిగా చెప్పినప్పుడు, మనం 'కవి అంటే ఆయనే' అంటాం.

లోపమున్నది భాషలో కాదు, అనువాద పద్ధతిలో. 'ది' కనబడిన ప్రతిచోటా 'ఆ', 'ఎ' కనబడిన ప్రతిచోటా 'ఒక', ఊనిక కనబడిన ప్రతిచోటా 'నిజంగా' చేర్చడం విశ్వసనీయత కాదు. 'ఆమె ఉపాధ్యాయురాలు' అనే నిండు వాక్యం 'ఆమె ఒక ఉపాధ్యాయురాలు'గా మారితే తెలుగుకు ఒనగూడినదేమిటి? పాఠ్యపుస్తకాలలోనూ సిద్ధాంత గ్రంథాలలోనూ ఈ వాక్యాలే ప్రమాణమైతే, రేపటి విద్యార్థికి పదక్రమం చెప్పే అర్థం వినిపించదు. కనుక ఆంగ్ల ఆర్టికల్‌ను బోధించేవారు తెలుగు పదక్రమం నుంచే మొదలుపెట్టాలి. అనువాదాన్ని పరీక్షించేవారు అనవసరమైన 'ఒక'ను దోషంగానే లెక్కించాలి.