ధూల్‌పేట మా అడ్రసే, అయితే ఏంది?

ధూల్‌పేట అనంగనే పట్నంల చానామంది మొకాలు మారుతయ్. పొద్దుగూకినంక ఆటో అన్న రానంటడు. కొరియర్ పిలగాడు మెయిన్ రోడ్డు మీదనే నిలబడి ఫోన్ జేస్తడు. అప్పు అడగవోతే అడ్రసు చూసి ఫారం పక్కకు వెడ్తరు. పిల్లనిచ్చేటోళ్లు "పిలగాడు మంచోడే, జర వేరే దిక్కు ఇల్లు చూసుకుంటే ఆలోచిస్తం" అంటరు. పేపర్ల మా బస్తీ పేరు వచ్చిందంటే పక్కన గుడుంబానో గంజాయో ఉండాల్సిందే. ఏండ్లకేండ్ల సంది ఇదే తంతు.

మేం ఈ బస్తీలనే ఉంటం. మాలో కొందరం ఇక్కడ పుట్టినోళ్లం. కొందరం జిల్లాల నుంచి డిగ్రీ చదువనీకి వచ్చి, సస్తా కిరాయికి ఒక్క అర్రల దిగి, మళ్ల ఎటూ పోనోళ్లం. పోలేక గాదు, పోబుద్ధి గాక. ఎందుకు పోబుద్ధి గాదో ఇయ్యాల చెప్పాలె.

ముందుగాల జాగ సంగతి. పాతబస్తీ దిక్కు నుంచి మూసీ మీద పురానాపూల్ దాటి ఇవతలికి వస్తే మా గల్లీలు షురువైతయ్. 1578ల కట్టిన వంతెన అది, 1591 నాటి చార్మినార్ కంటే పెద్దది వయసుల. ఒక దిక్కు మంగళ్‌హాట్, ఇంకో దిక్కు బేగంబజార్, దగ్గర్లనే జుమ్మేరాత్ బజార్. బుందేల్‌ఖండ్ దిక్కు నుంచి నిజాం కాలంల ఫౌజు కొలువులకు వచ్చినమని ఇక్కడి లోధ్‌ల పెద్దమనుషులు చెప్తరు. వాళ్ల హిందీ, పక్కింటి ఉర్దూ, మా తెలుగు, ఇంకో ఇంటి మరాఠీ – అన్నీ ఒకే నల్లా కాడ కలుస్తయ్. ఇక్కడ పెరిగిన పిలగానికి మూడు భాషలు ఎవరూ నేర్పరు, గల్లీనే నేర్పుతది.

పట్నం పండుగ చేసుకుంటది, ధూల్‌పేట పండుగను తయారు జేస్తది. సంక్రాంతికి పతంగులు మావి. రాఖీ పున్నమకు దారాలు మావి. వినాయక చవితికి బొమ్మలు మావి. ఆడోళ్లు వంట అయినంక గడపల కూసోని వెదురు పుల్లలకు కాయితం అంటివెడ్తరు, వందకు ఇంత అని లెక్క. పైసలు తక్కువే, గని చేతుల పని ఉంటది. సంక్రాంతి నాడు మా మిద్దెల మీదికి రాండ్రి. పతంగి తెగంగనే "అఫా" అని లేసే కేక ఒక గల్లీ నుంచి ఇంకో గల్లీకి అందుకుంటది. తెగ్గొట్టినోడు ఎవ్వడు, తెగినోడు ఎవ్వడు, ఏ కులపోడు, ఏ మతపోడు అని ఆ మిద్దెల మీద ఎవ్వడూ అడగడు.

బొమ్మల పని ఇంకో లోకం. చవితి పోయిన కొన్ని నెలలకే వచ్చే చవితికి పని షురువైతది. కొబ్బరి పీచు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి అచ్చుల పోస్తరు, లోపట కట్టెలతోటి బలం ఇస్తరు, ఎండవెట్టి సాపు జేసి రంగులేస్తరు. కన్నులు దిద్దే పని మాత్రం అందరికీ ఇయ్యరు. అది చేయి తిరిగినోని పని. చవితి దగ్గరవడ్డంక రాత్రిళ్లు మా గల్లీలు నిద్రపోవు. డీసీఎం వ్యాన్లు వరుస కడ్తయ్. పెద్ద బొమ్మ కదిలితే ముందట ఒకడు పొడుగు కట్టెతోటి కరెంటు తీగలు పైకి లేపుకుంట నడుస్తడు. మా బస్తీ పేరు చెప్తే భయపడే కాలనీలోళ్లే, మా చేతుల తయారైన దేవునికి పదకొండు దినాలు మొక్కుతరు. దేవుడు మాత్రం మంచోడు, చేసినోళ్లు మాత్రం బద్‌నాం. ఇదేం ఇన్సాఫ్?

బస్తీల బతుకు ఎందుకు ఇష్టమంటే ఒక్క మాటల చెప్పలేం. రాత్రి రెండు గంటలకు పేపర్ పని ఒడిపించుకొని వస్తే, అరుగు మీద కూసున్న ముసలాయన "తిన్నవా బేటా" అని అడుగుతడు. జరమొస్తే పక్కింటమ్మ అడగకముందే గిన్నెల జావ తెస్తది. ఊరికి పోయేటప్పుడు తాళంచెవి ఎదురింట్ల ఇచ్చిపోతం. 2020ల కరోనాతోటి పెద్ద మండపాలు బందై చేసిన బొమ్మలు షెడ్లలనే మిగిలినప్పుడు, ఒకరి పొయ్యి మీది అన్నం నాలుగు ఇండ్లల్లకు పోయింది. గేటు కాడ వాచ్‌మన్ ఉండే అపార్టుమెంట్ల ఈ ముచ్చట ఎంత కిరాయి ఇస్తే దొరుకుతది?

మా గల్లీలు పాలతోటి కడిగినయని మేం అనం. నల్లబెల్లం, పటిక కలిపి కాసిన గుడుంబా ఇక్కడ చానా కుటుంబాలకు కూడు వెట్టింది, అంతకంటే ఎక్కువ కుటుంబాలను కూల్చింది. తాగి సచ్చినోళ్ల ఇండ్లల్ల ఏడ్పు విన్నది మేమే. 2015 సంది సర్కారు గుడుంబా మీద పట్టువట్టి దాడులు జేసింది, బట్టీలు ఆరినయ్. మంచి పనే. తర్వాత గంజాయి మోపైంది. 2024ల ఎక్సైజ్ శాఖ "ఆపరేషన్ ధూల్‌పేట" అని మొదలువెట్టింది. అమ్మెటోన్ని పట్టుకోండ్రి, మేం అడ్డం రాం. గంజాయికి ముందుగాల పోయేది మా పిలగాండ్లే.

గని ఒక్కటి అడుగుతం. అమ్మెటోడు ఎందరు, పతంగులు అంటివెట్టేటోళ్లు ఎందరు? ఆపరేషన్‌కు బస్తీ పేరే వెడ్తే, అమ్మినోని పాపం అమ్మనోళ్ల మెడకు గూడ చుట్టుకుంటది. కొనేటోళ్లు అన్ని దిక్కుల నుంచి వస్తరు, మరి వాళ్ల కాలనీల పేర్లతోటి ఆపరేషన్లు ఎన్నడన్న విన్నమా?

ఈ పత్రిక చదివేటోళ్లకు ఈ బాధ కొత్తది గాదు. మన యాసను ఏండ్లకేండ్లు సినిమాల రౌడీలకు, జోకర్లకు కట్టవెట్టిండ్రు. తెలంగాణోడు అంటే మోటోడు, పని రానోడు అన్నరు. ఆ మాట అబద్ధమని మనం రోడ్లెక్కినం. 2011 సకల జనుల సమ్మెల మా బస్తీ నుంచి గూడ నడిచినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మరి ఒక జాతి మీద వేసిన ముద్ర తప్పయితే, ఒక బస్తీ మీద వేసిన ముద్ర ఎట్ల ఒప్పయితది? అప్పుడు వాళ్లు మనల్ని చూసిన తీరుగనే ఇప్పుడు మనోళ్లు ధూల్‌పేటను చూస్తుండ్రు. గిది సోంచాయించాలె.

మాకు జాలి వద్దు, పని గావాలె. గుడుంబా విడిచినోనికి ఒకసారి సాయం పంచుడు వేరే, ఏడాదంత చేతికి పని చూపుడు వేరే. 2022ల హైకోర్టు ప్లాస్టర్ బొమ్మల తయారీని ఆపలే, హుస్సేన్‌సాగర్‌ల వాటిని ముంచొద్దన్నది. చెరువు బాగుండాలె, మాకూ ఇష్టమే. అట్లయితే మట్టి బొమ్మలకు మట్టి, ఎండవెట్టే జాగ, షెడ్లు, శిక్షణ సర్కారు ఇయ్యాలె. నైలాన్ మాంజాను 2017ల హరిత ట్రిబ్యునల్ దేశమంతట నిషేధించింది. అది పిట్టల గొంతులు, మనుషుల గొంతులు కోస్తది, నూలు మాంజా నూరేటోని పొట్ట గూడ కొడ్తది. దాన్ని దుకాణాలల్ల నిజంగ ఆపితే సగం మేలు మాకే. బ్యాంకోళ్లు అడ్రసు గాదు, పని చూసి అప్పియ్యాలె. పేపరోళ్లు – మేం గూడ వాళ్లలోనోళ్లమే – దొంగ దొరికితే దొంగ పేరు రాయాలె, బస్తీ పేరు హెడ్డింగుకు ఎక్కించుడు మానాలె.

ఇల్లు మారుండ్రి, పిల్లల భవిష్యత్తు చూసుకోండ్రి అని మేలు కోరేటోళ్లు చెప్తనే ఉంటరు. మేం మారం. చదువుకున్నోళ్లం అందరం లేసిపోతే ఇక్కడ పిలగాండ్లకు ఫారం నింపేటోడు, ఠాణా కాడ మాట్లాడేటోడు ఎవ్వడు మిగుల్తడు? తెలంగాణ అంటే ఇజ్జత్‌తోటి బతుకుడు అని కొట్లాడినం. ఆ ఇజ్జత్‌ల ధూల్‌పేట వాటా ఇంకా బాకీ ఉన్నది. అది ఇచ్చేదాక అడుగుతనే ఉంటం, ఈ అడ్రసు మీదనే ఉండి అడుగుతం.