తీరం దాటకముందే

సినిమాలో ద్వీపం ఒక పాట నిడివి మాత్రమే ఉంటుంది. తెల్లని ఇసుక, నీలి నీరు, వంగిన కొబ్బరిచెట్టు కనిపించి ఐదు నిమిషాలలో మాయమవుతాయి. ఆ ఐదు నిమిషాల కోసం ఫిలింనగర్, కృష్ణానగర్, యూసుఫ్‌గూడ బస్తీల నుండి లైట్‌మెన్, వడ్రంగులు, దర్జీలు, మేకప్ సహాయకులు, వంటవారు పది, పదిహేను, ఒక్కొక్కప్పుడు ఇరవై రోజులు ఇల్లు విడిచి వెళ్తారు. వారిలో మన సోదరులు తక్కువేమీ కాదు. మా మద్రసాలో చదువుకునే పిల్లల తండ్రులలోనూ కొందరున్నారు. అండమాన్ షెడ్యూలుకు పిలుపు వచ్చిందని ఇటీవల ఒక సోదరుడు చెప్పి, "మౌలానా సాబ్, అక్కడ నమాజు ఖస్ర్ చేయాలా, పూర్తిగా చేయాలా?" అని అడిగారు.

దానికి సమాధానం ఈ వ్యాసం చివరలో ఇస్తాను. అయితే ఆయన అడగని ప్రశ్నలు మరికొన్ని ఉన్నాయి. కూలి ఎంత, ఎన్ని రోజులకు? తిరుగు టికెట్టు ఎవరు కొంటారు? జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది? ఇంట్లో ఎవరికైనా ఏదైనా జరిగితే వెనక్కి రావడం ఎలా? నేను ఒక్కొక్కటే అడిగితే, అన్నిటికీ ఆయన వద్ద ఒకే జవాబు ఉంది: "మేనేజరు గారు చూసుకుంటారు."

మరొక విషయం ముందే చెప్పాలి. సినిమా వృత్తిపై ఉలమాల అభిప్రాయం పాఠకులకు తెలిసినదే. నాది దానికి భిన్నం కాదు. నా విద్యార్థులలో ఏ ఒక్కరూ ఆ దారిన వెళ్ళాలని నేను కోరుకోను. కానీ పొట్టకూటి కోసం దీపాలు మోసేవాని ఇంటి కష్టం మన పొరుగువాని ఇంటి కష్టమే. పొరుగువాని వృత్తి ఏమిటో విచారించిన తర్వాత గాని అతని హక్కు మొదలు కాదని ధర్మం ఎక్కడా చెప్పలేదు.

పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అది విశాఖ రేవు నుండి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడలో రెండు పగళ్ళు, రెండు రాత్రులు దాటిన ప్రయాణం. విమానంలో కొద్ది గంటలే. కానీ షూటింగులకు కోరుకునే ఇసుక తీరాలు చాలావరకు పట్టణంలో లేవు. హేవ్‌లాక్ ద్వీపానికి (2018 నుండి దాని పేరు స్వరాజ్ ద్వీప్) వెళ్ళాలంటే మళ్ళీ పడవ ఎక్కాలి. సుమారు రెండు గంటలు పడుతుంది. గాలి లేచినా, తుఫాను హెచ్చరిక వచ్చినా ఆ పడవలు ఆగిపోతాయి. చిన్న ఆరోగ్య కేంద్రం తప్ప అక్కడ పెద్ద ఆసుపత్రి లేదు. దానికి మళ్ళీ సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్‌కే రావాలి.

అదే వికారాబాద్ అడవులలోనో, అరకులోనో షూటింగు జరిగితే, అన్యాయం అనిపించిన కూలివాడు సంచి భుజాన వేసుకుని బస్సో, రైలో ఎక్కుతాడు. అతని చేతిలో ఉన్న బలం అదొక్కటే: "నేను ఇంటికి పోతాను" అనగలగడం. ద్వీపంలో ఆ బలం ఉండదు. టికెట్టు కంపెనీ చేతిలో, పడవ గాలి చేతిలో ఉంటాయి. అందుచేత ఏ బేరమైనా ఈ ఒడ్డునే తేలాలి.

తెలిసిన ఒక దర్జీ సోదరుని అనుభవం చెబుతాను. పన్నెండు రోజులని తీసుకువెళ్ళారు. పంతొమ్మిది రోజులు ఉంచారు. మధ్యలో నాలుగు రోజులు వాన పడింది, షూటింగు జరగలేదు. లెక్క చూసేటప్పుడు ఆ నాలుగు రోజుల కూలి కోసేశారు. "పని చేయలేదు కదా" అన్నారట! తన కాలాన్ని ఒకే యజమానికి అప్పగించినవానిని ఫిఖహ్ గ్రంథాలు అజీరె ఖాస్ అంటాయి. అతడు పనికి సిద్ధంగా ఉన్నంతకాలం, యజమాని పని చెప్పకపోయినా కూలికి అర్హుడే. వాన కురిసిన రోజున ఆ దర్జీ ఎక్కడికి పోగలడు? చుట్టూ సముద్రమే. అతని కాలమంతా యజమాని వద్దనే ఉంది. ఆ నాలుగు రోజుల కూలి దయాధర్మం కాదు, బాకీ.

కూలి ఎంతో ముందుగా తెలియజేసి పనిలో పెట్టుకోవాలని, పని ముగిసిన వెంటనే చెల్లించాలని దైవప్రవక్త (స) బోధించారు. కూలి, గడువు స్పష్టంగా లేని ఒప్పందం లోపభూయిష్టమని మన ఇమాములు తీర్మానించారు. దేశ చట్టం కూడా ఇందుకు దూరంగా లేదు. సినీ కార్మికులను లిఖితపూర్వక ఒప్పందం లేకుండా పనిలో పెట్టుకోరాదని 1981లోనే పార్లమెంటు చట్టం చేసింది; 2020 నాటి కార్మిక నియమావళిలోనూ ఆ షరతు కొనసాగింది. ఇక 2025 ఆగస్టులో మన నగరంలో సినీ కార్మికులు 30 శాతం పెంపు కోరుతూ రెండు వారాలకు పైగా షూటింగులు ఆపినప్పుడు, చివరకు మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది. పెరిగిన కూలి సంఘం సాధించినది. కానీ ద్వీపంలో ఎన్ని రోజులు, వాన రోజులకు ఎంత, ప్రయాణపు రోజులకు ఎంత, బత్తా ఎంత అన్నది ఒక కాగితం మీద ఉండకపోతే ఆ శాతాలన్నీ ఏ లెక్కలోకి వస్తాయి? బాకీలను రాసి ఉంచుకోమని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో చేసిన ఆదేశం వర్తకులకు మాత్రమే కాదు. మేనేజరు రాసివ్వకపోతే కనీసం ఫోనులో సందేశం రూపంలోనైనా ఒప్పించుకోవాలి. అది అపనమ్మకం కాదు, ఇద్దరికీ రక్షణ.

కార్మికునికీ బాధ్యతలున్నాయి. మాట ఇచ్చి, పడవ ఎక్కే రోజున ఫోను ఆపేసేవారి గురించి కూడా విన్నాను. అక్కడ మరొక మనిషి దొరకడు గనుక అతని బరువు తోటి కూలీల మీద పడుతుంది. అది కూడా హక్కులు కాజేయడమే.

ఇప్పుడు ఇంటి మాట. కొన్నేళ్ళ క్రితం ఒక లైట్‌మన్ సోదరుడు ద్వీపంలో ఉండగా ఇక్కడ ఆయన తల్లి మరణించారు. కబురు అందిన రోజు సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలు కదలలేదు. ఆయన పోర్ట్ బ్లెయిర్ చేరేసరికే రెండు రోజులు గడిచాయి. జనాజాను అంతవరకు ఆపలేము, ఆపరాదు కూడా; ఖననంలో తొందర చేయమనే ఆదేశం ఉంది. ఆయన తమ్ముడు నా వద్దకు వచ్చి "అన్నయ్య లేకుండా ఎలా చేయమంటారు?" అని ఏడ్చాడు. కానీ వెళ్ళే ముందు ఆ లైట్‌మన్ ఒక పని చేసి ఉన్నారు. తల్లి ఆరోగ్యం బాగాలేదని తెలిసి, "నేను అందుకోలేకపోతే నా కోసం ఆపవద్దు, తమ్ముడే నమాజు చేయించాలి, కఫన్ ఖర్చు ఈ డబ్బుతో" అని తమ్మునికి చెప్పి, కొంత సొమ్ము చేతికిచ్చి వెళ్ళారు. ఆ మాటతో ఆ రోజు ఇంట్లో ఒక్క వివాదమూ రాలేదు. ఆయన తిరిగి వచ్చాక నేరుగా ఖబరస్తాన్‌కు వెళ్ళారు. చాలాసేపు నిలబడి దుఆ చేశారు. మేమెవరమూ ఆయనను పలకరించలేదు.

రాసి ఉంచవలసిన విషయం ఏదైనా ఉన్న ముస్లిం, వీలునామా దగ్గర లేకుండా రెండు రాత్రులు గడపరాదని ప్రవక్త (స) హెచ్చరించారు. మన ఇళ్ళలో వీలునామా అనగానే ముసలితనం, ఆస్తిపాస్తులు గుర్తుకొస్తాయి. ఎవరికి ఎంత బాకీ, ఎవరి నుండి ఎంత రావాలి, చీటీ కంతు ఏ తేదీన కట్టాలి, పిల్లల ఫీజు ఎంత అన్న నాలుగు వరుసలు చాలు. ఆ కాగితం భార్య చేతిలో ఉండాలి. ఆ రోజుల ఇంటి ఖర్చు ముందే ఇచ్చి వెళ్ళడం భర్తపై విధి; "కూలి వచ్చాక పంపిస్తాను" అన్నది జవాబు కాదు, కూలి ఎప్పుడు వస్తుందో అతనికే తెలియనప్పుడు. హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో, దూరదేశాలలో ఉన్న సైనికుల భార్యల బాధ విని, నాలుగు నెలలకు మించి ఎవరినీ ఇంటికి దూరంగా ఉంచవద్దని ఆదేశించినట్లు ఉల్లేఖనాలున్నాయి. ఇరవై రోజులు నాలుగు నెలలు కావు, నిజమే. కానీ ఒక ద్వీపం ముగియగానే మరొక అవుట్‌డోరు ఒప్పుకుంటూ పోతే ఏడాదిలో ఆ లెక్క ఎంతకు వస్తుందో భార్యను అడిగితే తెలుస్తుంది.

2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమైన తర్వాత అండమాన్‌తో ఫోను సంబంధం చాలా మెరుగుపడింది. అయినా దూరపు తీరాలలో సిగ్నలు ఉండదు. రోజూ ఏ వేళకు మాట్లాడేదీ ముందే చెప్పుకుంటే, ఒక పూట ఫోను రాకపోయినా ఇంట్లోవారు కంగారుపడరు. ఈత రానివారు పడవలో లైఫ్ జాకెట్ అడిగి తీసుకోవాలి, నవ్వేవారు నవ్వనీ. కొన్ని తీరాలలో మొసళ్ళున్నాయని బోర్డులు ఉంటాయి, వాటిని గౌరవించాలి.

అక్కడ మనవారు ఉండరన్న దిగులు వద్దు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపాలలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. దక్షిణ అండమాన్‌లో కాలికట్, మంజేరి, తిరూర్ అనే ఊళ్ళున్నాయి. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత అక్కడికి పంపబడిన మాప్పిళ్ళ ముస్లింలు తమ సొంత ఊళ్ళ పేర్లు వాటికి పెట్టుకున్నారు. వారి మస్జిదులు ఉన్నాయి. వారు షాఫయీలు, ఆమీన్ బిగ్గరగా పలికితే మన పిల్లలు ఆశ్చర్యపోనక్కరలేదు. అన్నట్లు, మన నగరం నుండి ఆ ద్వీపానికి పోయిన తొలివారిలో ఒక మౌల్వీ ఉన్నారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి చేసిన మౌల్వీ అలావుద్దీన్‌ను 1859లో అండమాన్‌కు తరలించారు. ఆయన అక్కడే మరణించారు. ఆయనకు తిరుగు ప్రయాణం లేదు.

ఆహారం సంగతి చెప్పాలి. అక్కడ హోటళ్ళలో పీతలు, లాబ్‌స్టర్లు, స్క్విడ్లు విరివిగా దొరుకుతాయి. హనఫీ మజ్‌హబులో సముద్ర జీవులలో చేప మాత్రమే హలాల్. రొయ్య విషయంలో ఉలమాలలో భేదాభిప్రాయం ఉంది. షాఫయీ సోదరుడు తింటుంటే వాదనకు దిగవద్దు. మాంసం ఎవరు కోశారో తెలియనిచోట చేప, పప్పు, గుడ్డు ఉన్నాయి. వేసవిలో అక్కడ మంచినీటికి ఎద్దడి ఉంటుంది. వజూకు నీళ్ళు లేవని నమాజు వదలవద్దు. సముద్రంలో ప్రయాణించేవారు ఇదే సందేహం అడిగినప్పుడు, సముద్రపు నీరు పరిశుద్ధమైనదని ప్రవక్త (స) సమాధానమిచ్చారు. చుట్టూ అంత నీరు ఉండగా తయమ్ముమ్ అవసరమే రాదు.

ఇక నమాజు వేళలు. గడియారం మనదే అయినా సూర్యుడు మనవాడు కాడు. డిసెంబరు చివరలో హైదరాబాదులో సాయంత్రం 5.45 ప్రాంతంలో పొద్దు గుంకితే, పోర్ట్ బ్లెయిర్‌లో 5 గంటలకే గుంకుతుంది. జొహర్ 11.20 ప్రాంతంలోనే ప్రవేశిస్తుంది. ఫజర్ కూడా అలాగే ముందు. హైదరాబాదు మస్జిదు క్యాలెండరు జేబులో పెట్టుకుని వెళ్ళేవారు మగ్రిబ్ కోసం ఎదురుచూస్తూ, దాని సమయంలో సగానికి పైగా పోగొట్టుకుంటారు. వెలుతురు తొందరగా పోతుంది గనుక షూటింగు కూడా చీకటితోనే మొదలవుతుంది. ఫజర్ కోసం పది నిమిషాలు కావాలని ముందు రోజే చెప్పి ఉంచాలి. ఖిబ్లా పడమరే, కాస్త ఉత్తరానికి. ఇక్కడికంటే అక్కడ ఆ వంపు కొద్దిగా ఎక్కువ. ఈ సంవత్సరాలలో రమజాన్ చలికాలం చివరలో వస్తున్నందున షూటింగుల కాలంతో కలుస్తోంది. ముసాఫిరుకు ఉపవాసం వాయిదా వేసే అనుమతి ఉంది, తర్వాత తీర్చుకోవాలి.

హనఫీ మజ్‌హబు ప్రకారం సుమారు 78 కిలోమీటర్లకు మించిన ప్రయాణానికి బయలుదేరి, ఊరి ఇళ్ళు దాటినవారు ముసాఫిర్లు. ఒకే చోట 15 రోజులు లేక అంతకు ఎక్కువ ఉండాలనే సంకల్పం ఉంటే పూర్తి నమాజు; తక్కువైతే జొహర్, అసర్, ఇషాలలో ఫర్జ్ రెండేసి రకాతులు. షెడ్యూలు 20 రోజులే అయినా, పోర్ట్ బ్లెయిర్‌లో 10, స్వరాజ్ ద్వీప్‌లో 10 అయితే రెండు చోట్లా ఖస్రే. అయితే రాత్రుళ్ళన్నీ ఒకే ఊరిలో గడిపి, పగలు మాత్రం చుట్టుపక్కల తీరాలకు పోయి వచ్చేవారు, రాత్రులు గడిపే ఊరిలో 15 రోజులు సంకల్పిస్తే పూర్తిగా చేయాలి. 12 రోజులని వెళ్ళి, "రేపు పడవ, ఎల్లుండి పడవ" అంటూ గాలివానలో చిక్కుకున్నవారు 19 రోజులైనా ముసాఫిర్లే. షాఫయీ మజ్‌హబులో గడువు నాలుగు రోజులు. స్థానికుడైన ఇమాము వెనుక నిలబడితే మజ్‌హబు ఏదైనా నాలుగు రకాతులూ పూర్తి చేయాలి. జుమా ముసాఫిరుపై విధి కాదు, దొరికితే పుణ్యం. పడవలో నిలబడగలిగితే నిలబడి, తల తిరుగుతుంటే కూర్చుని చేయాలి. పడవ మళ్ళితే ఖిబ్లా వైపు తానూ మళ్ళాలి. తిరుగు ప్రయాణంలో శంషాబాద్ దాటి మన నగరపు ఇళ్ళ మధ్యకు వచ్చేంతవరకు ఖస్ర్ వర్తిస్తుంది. ద్వీపంలో ముసాఫిరుగా ఉండగా తప్పిపోయిన జొహర్‌ను ఇంట్లో ఖజా చేసేటప్పుడు రెండు రకాతులే చేయాలి.