గతుకుల్ని కూడా కొలవాలి

స్టాక్ కార్ రేసింగ్ పేరెత్తగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. "ఎంతసేపూ ఎడంపక్కకి తిరగడమేగా, అందులో ఏముంది?" అని. (రెండో ప్రశ్న, దీనికీ షేర్ మార్కెట్‌కీ ఏమన్నా సంబంధం ఉందా అని. లేదు. షోరూములో అమ్మే మామూలు కారు కాబట్టి స్టాక్ కార్ అన్నారు. ఇప్పుడా సంగతి పేరులోనే మిగిలింది.)

నేనూ అదే అడిగాను. 2005లో ప్రాజెక్టు మీద నార్త్ కరోలినాలోని షార్లెట్ వచ్చాను. ఈ ఊళ్ళో ఉన్నవి రెండే పరిశ్రమలు, ఒకటి బాంకులు, రెండోది నాస్కార్ అని మేం జోకులేసుకునేవాళ్ళం. బాంకుల వెనకాల మనవాళ్ళుంటారు, రేసు టీముల వెనకాల ఊరివాళ్ళుంటారు. మా టీములో ఈ రెండిటికీ చెందిన మనిషి ఒకాయన ఉండేవాడు. అరవైకి దగ్గరపడ్డ కోబాల్ పెద్దాయన, సొంతూరు విల్క్స్ కౌంటీ. నా ప్రశ్న విని ఆయనేం కోప్పడలేదు. "నువ్వు ఆర్నెల్ల నుంచి ఆ ఒక్క లూపు మీదే కూర్చున్నావు. అందులో ఏముంది?" అన్నాడు.

మర్నాడు ఒక సీడీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నాస్కార్ రేసింగ్ 2003 సీజన్. పాపిరస్ అనే కంపెనీ చేసిన చివరి నాస్కార్ గేము. ఆ రాత్రి నేనూ, నా రూమ్మేట్లూ కలిసి ఒక్క ల్యాపు కూడా గోడకి గుద్దకుండా పూర్తి చెయ్యలేకపోయాం. "ఎడమ పక్కకి తిరగడమేగా, తిప్పరా మరి" అని ఒకళ్ళనొకళ్ళం వెక్కిరించుకోవడమే సరిపోయింది.

అప్పుడు తెలిసింది, అన్ని ట్రాకులూ ఒకే గుండ్రం కాదని. టల్లడేగా 2.66 మైళ్ళు, మలుపుల్లో రోడ్డు 33 డిగ్రీలు వాలి ఉంటుంది. 1987లో బిల్ ఎలియట్ అక్కడ క్వాలిఫయింగ్‌లో గంటకి 212.809 మైళ్ళ వేగంతో వెళ్ళాడు. అదే ఏడు అక్కడే బాబీ ఆలిసన్ కారు గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెని చీల్చేసింది. మర్నాటి ఏడాది నుంచి పెద్ద ట్రాకుల్లో ఇంజనుకి గాలి తగ్గించే పలకలు బిగించారు. ఇలా ప్రతి ట్రాకుకీ ఓ కథ, ఆ కథ వల్ల వచ్చిన ఓ వంకర ఉంటాయి.

నాకు బాగా నచ్చిన వంకర డార్లింగ్టన్‌ది. 1950లో హెరాల్డ్ బ్రేసింగ్టన్ అనే ఆయన సౌత్ కరోలినాలో ఈ ట్రాకు కట్టాడు. స్థలం ఇచ్చిన రైతు ఒకటే షరతు పెట్టాడు. నా చేపల చెరువు జోలికి రావద్దు అని. చెరువుని తప్పించాలి కాబట్టి ఒక వైపు మలుపు ఇరుకు చేశారు. ట్రాకు కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. ఈ వైపు బాగా నడిచే సెట్టింగు ఆ వైపు పనిచెయ్యదు. డెబ్భై అయిదేళ్ళుగా ఎంతెంత మేధావులైన మెకానిక్కులూ ఆ రైతు చేపలతోనే కుస్తీ పడుతున్నారు. మన భాషలో చెప్పాలంటే క్లయింటు చివరి నిమిషంలో పెట్టిన ఒక రిక్వైర్‌మెంటు మొత్తం ఆర్కిటెక్చరైపోయింది. (1997లో ఇంకో తమాషా చేశారు. ముందు స్ట్రెయిటుని వెనక స్ట్రెయిటుగా మార్చి మలుపుల నంబర్లన్నీ అటూ ఇటూ చేశారు. నడుస్తున్న ప్రోగ్రాములో వేరియబుల్ పేర్లు మార్చినట్టు!)

మొదట్లో గేములకి ఈ గొడవ పట్టలేదు. సెగా వాళ్ళ డేటోనా యూఎస్ఏ గుర్తుందా? తొంభైల్లో గేమ్ పార్లర్లలో నాణేలు మింగిన మిషను అది. పేరు డేటోనాయే గానీ అందులోని మూడు ట్రాకులూ ఊహించి గీసినవే. 1959లో ఫ్లోరిడాలో తెరిచిన అసలు డేటోనా ట్రాకు అందులో లేనే లేదు. దాన్ని నేను తప్పు పట్టను, అయిదు నిమిషాల సరదాకి ఆ మాత్రం చాలు. ఇంకోపక్క పాపిరస్ వాళ్ళు 1994 నుంచి అసలు నాస్కార్ ట్రాకుల్ని గేములోకి తెచ్చే ప్రయత్నం చేస్తూ వచ్చారు. నాస్కార్ లైసెన్సు మొత్తం వేరే కంపెనీకి వెళ్ళాక పాపిరస్ మూతబడింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకడైన డేవ్ కేమర్ 2004లో ఐరేసింగ్ మొదలుపెట్టాడు, 2008లో అది జనంలోకి వచ్చింది. వీళ్ళు ట్రాకుని చూసి గియ్యరు. లేజరు స్కానరుతో కొలుస్తారు. తారులో ఉన్న అతుకూ, గతుకూ, మిల్లీమీటర్ల తేడాతో సహా గేములోకొస్తాయి.

ఇంత అవసరమా అని నేనే అనుకున్నాను కొన్నాళ్ళు. ఇక్కడే అసలు విషయంలోకి వస్తున్నాను.

షార్లెట్ నుంచి శరదృతువులో ఆకుల రంగులు చూడ్డానికి కొండల మీదకి వెళ్ళే మనవాళ్ళందరికీ 421 హైవే తెలుసు. ఆ దారి పక్కనే నార్త్ విల్క్స్‌బరో స్పీడ్‌వే ఉంటుంది. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు అది పాడుబడిన దెయ్యాల కొంపలా ఉంది. వెలిసిపోయిన బోర్డులు, స్టాండ్ల మధ్యలోంచి మొలిచిన చెట్లు. మా ఆవిడ "మూసేసిన మిల్లా?" అని అడిగింది. నిజానికి ఆ పోలిక అంత తప్పేం కాదు.

1947లో ఎనాక్ స్టేలీ దాన్ని తెరిచాడు. చుట్టుకొలత 0.625 మైలు, అంటే దాదాపు మన కిలోమీటరు. నేల చదును చెయ్యడానికి డబ్బులు చాలక ఉన్న వాలు అలాగే వదిలేశారట. అందుకే ముందు స్ట్రెయిటులో కారు పల్లానికి దిగుతుంది, వెనక స్ట్రెయిటులో ఎత్తుకి ఎక్కుతుంది. ఆ కౌంటీ నాటుసారాకి పేరు పడ్డ ఊరు. రాత్రిళ్ళు సారా సీసాలతో పోలీసుల్ని తప్పించుకుని కొండ దారుల్లో కార్లు తోలినవాళ్ళలో కొందరు పగలు రేసుల్లో తోలారు. అక్కడి జూనియర్ జాన్సన్ సారా కేసులో జైలుకెళ్ళొచ్చి, నాస్కార్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1986లో రీగన్ ఆయనకి క్షమాభిక్ష పెట్టాడు. 1949లో నాస్కార్ అగ్రశ్రేణి పోటీ మొదలైన మొదటి సీజన్లో చివరి రేసు ఈ ట్రాకు మీదే జరిగింది.

1995లో స్టేలీ పోయాడు. ట్రాకుని ఇద్దరు ఆసాములు చెరిసగం కొన్నారు. ట్రాకు మీద ప్రేమతో కాదు, దానికున్న రెండు రేసు తేదీల కోసం. ఒక తేదీ టెక్సస్‌కీ, ఇంకోటి న్యూ హాంప్‌షైర్‌కీ వెళ్ళిపోయాయి. 1996 సెప్టెంబరులో చివరి రేసు జెఫ్ గోర్డన్ గెలిచాడు. తాళం వేశారు. మా పెద్దాయన ఆ రేసుకి వాళ్ళ నాన్నని తీసుకెళ్ళాడట. "అయిపోయాక కూడా చాలాసేపు ఎవ్వరం లేవలేదు" అని చెప్పేవాడు.

2019 డిసెంబరులో డేల్ అర్నహార్ట్ జూనియర్ మరికొందరిని పోగేసుకుని వెళ్ళి ట్రాకు మీది కలుపు పీకించాడు. రేసు పెట్టడానికి కాదు. ఐరేసింగ్ వాళ్ళు స్కాన్ చేసుకోవడానికి వీలుగా. ఇంకొన్నాళ్ళాగితే కొలవడానికి కూడా ఏం మిగలదని ఆయన భయం. తర్వాత కొన్ని నెలలకే కోవిడ్ వచ్చింది, రేసులన్నీ ఆగిపోయాయి. అసలు డ్రైవర్లు ఇళ్ళల్లో కూర్చుని గేములో పోటీపడితే టీవీలో చూపించారు. 2020 మేలో ఆ వరస ముగింపు రేసు ఎక్కడ పెట్టారో తెలుసా? నార్త్ విల్క్స్‌బరోలో. ఏళ్ళ తరబడి పాడుబడి ఉన్న ట్రాకు మళ్ళీ జనానికి కనబడింది.

ఆ తర్వాతివి చకచకా జరిగాయి. 2021 నవంబరులో రాష్ట్ర బడ్జెట్లో దానికి కోటీ ఎనభై లక్షల డాలర్లు కేటాయించారు. 2022లో చిన్న రేసులు జరిగాయి. 2023 మేలో నాస్కార్ ఆల్‌స్టార్ రేసు జరిగింది, అదీ 1981లో వేసిన తారు మీదే. ఇదంతా ఒక్క గేమే చేసిందని నేననను. స్థానికులు ఏళ్ళ తరబడి అడిగారు, యజమానులు ఒప్పుకున్నారు, కోవిడ్ నిధులొచ్చాయి. కానీ గేములో కనబడి ఉండకపోతే అది "మూసేసిన మిల్లు"లాగే ఉండిపోయేదని నా గట్టి నమ్మకం.

"గేము గేమే, నిజం నిజమే" అనేవాళ్ళకి ఇంకో రెండు ముచ్చట్లు. 2021లో షికాగో వీధుల్లో ఓ ట్రాకుని ముందు గేములో కట్టి రేసు పెట్టారు. 2023లో నిజంగానే ఆ వీధుల్లో రేసు జరిగింది. 2022 అక్టోబరులో మార్టిన్స్‌విల్లో రాస్ చేస్టెయిన్ చివరి ల్యాపులో కారుని గోడకి ఆనించి, యాక్సిలరేటరు తొక్కిపట్టి అయిదు కార్లని దాటేశాడు. ఎక్కడ నేర్చుకున్నావయ్యా అంటే, చిన్నప్పుడు గేమ్‌క్యూబ్‌లో ఆడిన నాస్కార్ 2005లో అన్నాడు. మరుసటి ఏడాదికి ఆ పనిని నాస్కార్ నిషేధించింది. గేములో బగ్గు అనుకున్నది నిజ జీవితంలో కూడా బగ్గే, ప్యాచ్ వెయ్యాల్సొచ్చింది!

సరే, నేను చెప్పాలనుకున్నది ఇది. 2024 రేసుకి ముందు నార్త్ విల్క్స్‌బరోలో ఆ పాత తారుని పీకేసి కొత్తది వేశారు. వెయ్యక తప్పదు, పగుళ్ళిచ్చింది. కానీ ఆ గతుకులు, అతుకులు, డ్రైవర్లు టైర్లు కాపాడుకుంటూ పోయేలా చేసిన ఆ గరుకుదనం ఇక నేల మీద లేవు. కొలిచిపెట్టిన డేటాలో ఉన్నాయి. అలాగే కాలిఫోర్నియాలోని ఫాంటానా. 1997లో తెరిచారు, ఎప్పుడూ కొత్త తారు వెయ్యలేదు, ఆ అతుకుల వల్లే డ్రైవర్లకి అది ప్రాణం. 2023 ఫిబ్రవరిలో చివరి రేసు జరిపి, కూలగొట్టడం మొదలుపెట్టారు. అది కూడా ఇప్పుడు గేములోనే ఉంది. ఎవరో ఒకరు ట్రాకుని అందంగా, నున్నగా గీసి ఉంటే మనకి ఒక బొమ్మ మిగిలేది. గతుకులతో సహా కొలిచారు కాబట్టి ట్రాకు మిగిలింది.

ఇది నాకు ఊరికే తట్టిన జ్ఞానం కాదు. ఒక క్లయింటు దగ్గర పాత కోబాల్ సిస్టమ్‌ని జావాలోకి తిరగరాశాం. పాత కోడులో ఓ విచిత్రమైన షరతు ఉండేది. నెలాఖరు శుక్రవారం పడితే ఒక రకం ఖాతాల లెక్క మర్నాటికి వాయిదా వెయ్యాలి. కామెంటు లేదు, డాక్యుమెంటు లేదు. చెత్త అనుకుని నా చేత్తో నేనే తీసేశాను. కోడు నున్నగా ఉందని రివ్యూలో మెచ్చుకున్నారు కూడా. కొన్ని నెలలకి నెలాఖరు శుక్రవారం రానే వచ్చింది. ఆ వారాంతం నిద్ర లేదు. చివరికి సిగ్గు విడిచి, అప్పటికే రిటైరయిన పెద్దాయనకి ఫోన్ చేశాను. శుక్రవారాల్లో ఇంకో సిస్టమ్ నుంచి ఒక ఫైలు ఆలస్యంగా వస్తుందట. నవ్వి "అది గతుకు కాదు, చెరువు" అన్నాడు. డార్లింగ్టన్ చెరువు.

మనం రోజూ చేసే పని ఇదే కదా. పాతదాన్ని పీకి కొత్తది వెయ్యడం. వెయ్యొద్దని నేననను. పీకే ముందు కొలిచిపెట్టమంటాను, అందులో మనకి తప్పుగా కనబడేవాటితో సహా. ఏది గతుకో ఏది చెరువో పీకే రోజున మనకి తెలియదు.

ఒక్క అనుమానం మాత్రం నాకింకా తీరలేదు. ఆ కొలతలన్నీ ఒక కంపెనీ సర్వర్లలో ఉన్నాయి. నెలవారీ చందా కడితేనే తలుపు తెరుచుకుంటుంది. వ్యాపారం వ్యాపారమే, తప్పు పట్టడం లేదు. కానీ రెండు తేదీల కోసం ఒక ట్రాకుకి తాళం పడ్డట్టే ఏదో ఒక రోజు ఒక సర్వరుకీ పడొచ్చు. నాకు ఆనాడు ఇచ్చిన 2003 సీడీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది, పనిచేస్తోంది. దానికి అభిమానులు తమ చేత్తో కట్టిన పాత ట్రాకులు బోలెడున్నాయి. మిల్లీమీటర్ల కొలతలు వాటిలో లేవు, కానీ వాటికి తాళం వేసేవాడూ లేడు. ఈ రెండూ ఒకేచోట ఉండాలి. ఆ కొలతల కాపీ ఒకటి ఏ మ్యూజియంలోనో, ఏ యూనివర్సిటీలోనో పెట్టాలి. నా వాదన అంతే.

2020లో గేము రేసు చూశాక పెద్దాయనకి ఫోన్ చేశాను. మనవడి కంప్యూటరు ముందు కూర్చుని తనూ పది ల్యాపులు తోలాడట. ఎలా ఉందని అడిగాను.

"పల్లం పల్లంలానే ఉంది" అన్నాడు. కాసేపాగి, "మా నాన్న కూర్చున్న వరస కూడా కనబడుతోంది" అన్నాడు.

ఎడంపక్కకి తిరగడంలో ఏముందని ఆ తర్వాత నేనెవర్నీ అడగలేదు.