కట్నం ఏ శాస్త్రంలో ఉంది?

నరసరావుపేటకు పోండి, మాచర్లకు పోండి, గురజాలకు పోండి. ఏ పెండ్లి పందిట్లో నిలబడినా ఒకటే మాట: 'మన ఆచారమండీ, తప్పదు'. మిర్చి, పత్తి పండించే రైతు ఎకరం అమ్మేది ఆ మాటకే. వడ్డీకి అప్పు తెచ్చేది ఆ మాటకే. అందుకే మేం అడుగుతున్నాం. ఏది ఆచారం? ఎవరి ఆచారం? ఎప్పటినుంచి ఆచారం?

ముందు పందిట్లో ఏముందో చూద్దాం. జీలకర్ర బెల్లం ఇద్దరూ ఒకరి నెత్తిన ఒకరు పెట్టుకుంటారు. కలిసిపోయాక విడదీయలేం అని దాని అర్థం. తలంబ్రాలు ఇద్దరూ పోసుకుంటారు. అందులో ఎక్కువ తక్కువ లేదు. సప్తపదిలో ఏడో అడుగు దగ్గర పెండ్లికొడుకు పెండ్లికూతురిని 'స్నేహితురాలివి కమ్మ'ని అడుగుతాడు. 1955 హిందూ వివాహ చట్టం కూడా సప్తపది ఉన్న పెండ్లి ఆ ఏడో అడుగుతోనే పూర్తవుతుందని చెప్పింది. ఇన్ని తంతుల్లో బ్రీఫ్‌కేసు తంతు ఎక్కడుంది? స్నేహితురాలిని రేటు కట్టి తెచ్చుకుంటారా?

ఆ పందిరి లేచింది ఎవరి చేతులమీద? అయిరేని కుండలు కుమ్మరివి. పీట వడ్రంగిది. పుస్తెలు, మట్టెలు కంసాలివి. మధుపర్కాలు నేతన్నవి. ఉల్లెడ పట్టేది రజకులు. సన్నాయి, డోలు నాయీబ్రాహ్మణులవి. డప్పు మాదిగన్నది. పెండ్లంటే ఊరంతా చేసిన పని. భోజనాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ చేతులకు చివరి పంక్తి! బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన సీమ ఇది. ఏటా కారెంపూడిలో వీరుల తిరునాళ్లకు దండం పెట్టి, ఇంట్లో పెండ్లికి పంక్తులు విడదీసే పెద్దమనుషులకు సిగ్గుండొద్దా?

ఇక కట్నం వయసెంతో చూడండి. గురజాడ 'కన్యాశుల్కం' నాటకం తొలిసారి ఆడింది 1892లో. అప్పటికి కొన్ని ఇళ్లలో డబ్బు అందుకునేది ఆడపిల్ల తండ్రే. కష్టజీవుల కులాల్లో, తండాల్లో మగపెండ్లివారే ఓలి ఇచ్చుకునేవారు. అదేం గొప్ప కాదు, అదీ ఆడపిల్లకు వెల కట్టడమే. అయితే ఒక సంగతి రుజువైంది. డబ్బు అటునుంచి ఇటు తిరిగింది. తిరిగినదాన్ని అనాదిగా వస్తోందనడం అబద్ధం. ఇంగ్లీషు చదువు, సర్కారు కొలువు వచ్చాక వరుడికి ధర వచ్చింది. 1967లో సాగర్ నీళ్లు వదిలాక కాలువ కింద భూమికి ధర పెరిగింది, దాంతోపాటే అల్లుడికీ పెరిగిందని మా పెద్దలు చెబుతారు. ఇది శాస్త్రం కాదు, బేరం.

ఎదిరించినవాళ్లు మనకు లేకపోలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహ విధి' రాసి, అందరికీ అర్థమయ్యే తెలుగులో పెండ్లిళ్లు చేయించారు. తంతు మారితే లోకం మునగలేదు. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఇచ్చినా, పుచ్చుకున్నా కనీసం 5 ఏళ్ల జైలు అని ఆ చట్టంలో ఉంది. ఆ చట్టం తెలిసిన ఉద్యోగులు, నాయకులు పెండ్లిలో ముందు వరసలో కూర్చుని అక్షింతలు వేసి పోతున్నారు!

2022లో పల్నాడు పేరుతో జిల్లా వచ్చింది. పేరొస్తే చాలదు, పౌరుషం రావాలి. చదువుకున్న తమ్ముళ్లారా, మీసం మెలేయడం కాదు, 'నాకు కట్నం వద్దు' అని మీ నాన్న ముందు అనండి. చెల్లెళ్లారా, అడిగినవాడిని పీటలమీదనుంచే లేపి పంపండి. అమ్మానాన్నలారా, ఆ ఎకరం అమ్మకండి. ఇవ్వాలనుకుంటే బిడ్డ పేరున రాయండి.

జీలకర్ర బెల్లం ఉండనీయండి. తలంబ్రాలు ఉండనీయండి. డప్పు మోగనీయండి. బేరాన్ని మాత్రం పందిరి బయటకు నెట్టండి!