సభాదాయము – పత్రికాధర్మము

వార్తను అమ్మి బ్రతుకుట పత్రికకు ఏనాడును సులభము కాలేదు. ఉచితముగా చదువుటకు పాఠకుడు అలవాటుపడిన పిమ్మట, ఇంటర్నెట్టులో పుట్టి పెరిగిన సాంకేతిక వార్తాసంస్థలు ప్రకటనల ఆదాయము చాలక, సభలు జరిపి టిక్కెట్లమ్ముటయందును, స్పాన్సర్లను కూర్చుటయందును తమ జీవనోపాయమును వెదకికొన్నవి. ఎవరినిగూర్చి వ్రాయవలెనో వారినే అతిథులుగా ఆహ్వానించి, వారి ధనముతోనే సభ నడుపు పత్రిక, మరునాడు వారి తప్పును ఎంత నిర్భయముగా అచ్చువేయగలదన్నదే నా సందేహము.

టెక్‌క్రంచ్ అను అట్టి వార్తాసంస్థ చరిత్రను చూడుడు. పూర్వము న్యాయవాదవృత్తిలో నుండిన మైకేల్ ఆరింగ్టన్ 2005లో సిలికాన్ వ్యాలీలోని తన యింటినుండియే దానిని ప్రారంభించెను. ఆ దినములలో ‘డెమో’ అను సదస్సునందు తమ క్రొత్త సరకును ప్రదర్శింపగోరు అంకుర సంస్థలు వేలకొలది డాలర్లు చెల్లింపవలసి యుండెను. ఇంకను కాలూననివారినుండి రుసుము గుంజుట అన్యాయమని ఆక్షేపించి, ఆయన జేసన్ కలకానిస్‌తో కలిసి 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 40 సంస్థలకు ఉచితముగా వేదిక నొసగెను. ఇంటి జమాఖర్చులను చక్కబరచు ‘మింట్’ ఆ యేడు 50 వేల డాలర్ల బహుమతిని గెలుచుకొనగా, రెండేండ్లకు ఇంట్యూట్ సంస్థ దానిని 17 కోట్ల డాలర్లకు కొనెను. ఉద్దేశము ఉదాత్తమైనదే, సందేహము లేదు. అయితే ప్రదర్శకుడు చెల్లింపని సొమ్మును ప్రేక్షకులలోని పెట్టుబడిదారుడును, గోడలపై తన పేరు వ్రాయించుకొన్న స్పాన్సరును చెల్లించిరి.

2010 సెప్టెంబరులో టెక్‌క్రంచ్‌ను ఏఓఎల్ అను ఇంటర్నెట్టు సంస్థకు విక్రయించు ఒప్పందముపై సంతకములు సైతము టెక్‌క్రంచ్ సభావేదికపైననే, ప్రేక్షకుల సమక్షమున జరిగెను. వార్తాసంస్థ విక్రయమే వినోదకార్యక్రమమైనప్పుడు ఇక వార్త యేది, వేడుక యేది? మరుసటి యేడు ఆరింగ్టన్, తన సంస్థ నిత్యము వ్రాయుచుండెడి కంపెనీలయందే మదుపు చేయుటకు ఏఓఎల్ ధనసహాయముతో ఒక నిధిని నెలకొల్పబూనగా, పెద్ద వివాదము చెలరేగి, తుదకు ఆయన వైదొలగవలసివచ్చెను. నిధి కంటికి కనబడినది గనుక లోకము గగ్గోలు పెట్టినది; సభకు రావలసిన అతిథి అలుగునేమోయని సంపాదకుడు మింగివేసిన ప్రశ్న ఎవరికిని కనబడదు.

సభలన్నియు భజనమండలులేయని నేననను. వాల్ట్ మాస్‌బర్గ్, కారా స్విషర్ అను ఇద్దరు పత్రికారచయితలు 2003లో ‘డి’ సదస్సును ప్రారంభించిరి. వారి వెబ్‌సైటు తరువాత వచ్చినది. అక్కడ అతిథిని ఎర్రని కుర్చీలో కూర్చుండబెట్టి సూటిగా ప్రశ్నించుటే పద్ధతిగా నుండెడిది. 2010లో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్, జనుల వ్యక్తిగత వివరముల గోప్యతనుగూర్చి వారడిగిన ప్రశ్నలకు తడబడి, నుదుట చెమటలు ధారలు కట్టగా, స్విషర్ ప్రోత్సాహముపై ఎన్నడును విడువని తన తలకప్పు చొక్కాను సభామధ్యముననే విప్పవలసివచ్చెను. ఏ విలేఖరియు నూరు వ్యాసములలో రాబట్టలేని సత్యము ఆ కొన్ని నిమిషములలో బయటపడినది. అయినను అదే వారసత్వమున 2014లో జరిగిన ‘కోడ్’ సదస్సునందు, మైక్రోసాఫ్ట్ పగ్గములు చేపట్టి నాలుగు నెలలైన నిండని మన హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ల, ప్రశ్నలకు సమాధానములిచ్చుటతోపాటు, మాటలను అప్పటికప్పుడు అనువదించు స్కైప్ సాధనమును గూడ ప్రదర్శింపజేసెను. విచారణయు విక్రయప్రచారమును ఒకే తివాచీపై సర్దుకొని కూర్చున్నవన్నమాట!

పోనీ, ఈ మార్గము క్షేమమైనదా యనిన, అదియు లేదు. ఢిల్లీలో పుట్టిన ఓం మాలిక్ స్థాపించిన గిగాఓం అను సాంకేతిక వార్తాసంస్థ, పేరుపొందిన సభలు నడిపియు, 2015లో అప్పులు తీర్చలేక మూతపడినది.

మన తెలుగు దినపత్రికలును స్థిరాస్తి ప్రదర్శనలు, విద్యామేళాలు జరుపుచునే యున్నవి. వానిని మానుకొమ్మని చెప్పుటకు జీతములిచ్చు కష్టమెరిగినవాడెవడును సాహసింపడు. మాస్‌బర్గ్, స్విషర్‌ల సంస్థ తన రచయితల ఆర్థికసంబంధములను పాఠకులకు బహిరంగముగా ప్రకటించెడిది. మన పత్రికయు, ఫలానా నిర్మాణసంస్థనుగూర్చి వార్త వ్రాసినప్పుడు, ఆ సంస్థ తన మేళాలో సొమ్ము చెల్లించి స్టాలు తీసుకొన్నదని వార్త క్రిందనే ఒక పంక్తి అచ్చువేయవలెను; వేదికపై ఎవరు కూర్చుండవలెనో నిర్ణయించు అధికారమును ప్రకటనల విభాగమునుండి తప్పించి సంపాదకునకు అప్పగింపవలెను. అందువలన రెండు మూడు స్టాళ్లు ఖాళీగా మిగిలినను మిగులనీ.